మాటిచ్చే రోమ్, నమ్మని పాత పూజవాళ్లు

2025 జనవరి ఆఖర్లో బిషప్ రిచర్డ్ విలియమ్సన్ చనిపోయారన్న వార్తను మా చిన్నాయన కొడుకు, అంటే మా తమ్ముడు, అమెరికా నుంచి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద "ఆయన ఆత్మ కోసం ప్రార్థించండి" అని ఒక్క ముక్క. గ్రూపులో ఆ పేరు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మహారాష్ట్రలోని బల్లార్షా బొగ్గు బావుల్లో పనిచేసి రిటైరైన మా పెదబాపు, ఎవరో పెద్దాయన పోయాడు కాబోలనుకుని దండం బొమ్మ పెట్టాడు. నాకు మాత్రం ఇదేదో తేడాగా అనిపించింది. మా తమ్ముడు ఇప్పుడు పూజకు వెళ్లేది పదవ పయస్ సంఘం వాళ్ల గుడికి, అంటే రోమ్ తెచ్చిన కొత్త పూజ వద్దని పాత లాటిన్ పూజనే పట్టుకున్న గురువుల సంఘం. విలియమ్సన్‌ను 2012లో వెళ్లగొట్టింది ఆ సంఘమే. ఆయన వెంట వెళ్లినవాళ్లు ఇప్పటికీ ఆ సంఘాన్ని "రోమ్‌కు అమ్ముడుపోయింది" అని తిడుతుంటారు.

"మరి ఆయన మీద నీకెందుకురా అంత ప్రేమ?" అని విడిగా అడిగాను.

"ప్రేమ కాదక్కా. ఆయన ముందే చెప్పాడు."

"ఏమని?"

"రోమ్ మాట నమ్మొద్దని."

లాటిన్ పూజను వదలనివాళ్ల గురించి మన క్యాథలిక్కుల్లో ఒక చులకన ఉంది. ముగ్గురు చేరితే నాలుగు సంఘాలు పెడతారనీ, మొండివాళ్లనీ, పాత బట్టల మీద, అగరు పొగ మీద మోజనీ అంటారు. మొండివాళ్లు లేకపోలేదు. కానీ అన్ని మతాల్లోనూ మొండివాళ్లున్నారు, అందరూ ఇన్ని ముక్కలు కాలేదు. వీళ్ల చీలికల చరిత్రను వరసగా పెట్టుకుని చూస్తే నాకు కనిపించేది ఒకటే. వీళ్లు విడిపోయింది సిద్ధాంతం మీద కన్నా, రోమ్ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుందా లేదా అన్న ప్రశ్న మీద ఎక్కువ. ఆ ప్రశ్న అన్నేళ్లు తెగకుండా ఉండటంలో రోమ్ వాటా చిన్నది కాదు.

నలుగురికీ ఒకే పూజ

పూజ చూసి వీళ్లను వేరుచేయడం కష్టం. పాత పూజ చేస్తూనే రోమ్‌తో కలిసి ఉన్న పునీత పేతురు సంఘం గుడికి వెళ్లినా, పదవ పయస్ సంఘం గుడికి వెళ్లినా గురువు జనానికి వీపు తిప్పి బలిపీఠం వైపే తిరుగుతాడు. అదే లాటిన్, అదే నల్లటి అంగీ, ఆడవాళ్ల నెత్తి మీద అవే ముసుగులు, ఇద్దరి చేతిలోనూ 1962 నాటి పూజ పుస్తకమే. విలియమ్సన్ మనుషుల దగ్గరా అంతే. పోపు పీఠం ఖాళీగా ఉంది, 1958లో పన్నెండో పయస్ పోయాక రోమ్‌లో అసలు పోపే లేడు అనేవాళ్లు అంతకన్నా పాత పుస్తకం వాడతారు గానీ, కొత్తగా వచ్చినవాళ్లకు ఆ తేడా తెలియదు. పూజ మధ్యలో గురువు గొంతు తగ్గించి చదివే చోట పోపు పేరు చెబుతాడు. పీఠం ఖాళీ అనేవాళ్లు ఆ పేరు వదిలేస్తారు. పదవ పయస్ సంఘం వాళ్లు, తాము మాట వినని పోపు పేరు కూడా చెబుతారు. వినపడని ఆ ఒక్క పేరు దగ్గరే కుటుంబాలు మాటలు మానుకుంటాయి.

ఇదంతా 1988 నుంచి మొదలైందంటారు. ఆ ఏడు మే 5న జరిగింది మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. ఆ రోజు పదవ పయస్ సంఘాన్ని స్థాపించిన ఆర్చిబిషప్ మార్సెల్ లెఫేవ్ర్, రోమ్ తరఫున కార్డినల్ రాట్సింగర్ (తర్వాత పదహారో బెనెడిక్ట్ పోపు అయినాయన) ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. సంఘానికి గుర్తింపు వస్తుంది, పాత పూజ ఉంటుంది, లెఫేవ్ర్ తర్వాత గురుపట్టాలు ఇవ్వడానికి వాళ్లలోంచే ఒకరిని మేత్రాణులుగా, అంటే బిషప్‌గా, అభిషేకిస్తారు. చదివితే దాదాపు అడిగినవన్నీ ఇచ్చినట్టే ఉంటుంది. ఆ రాత్రి గడిచేసరికి లెఫేవ్ర్ మనసు మారిపోయింది. మర్నాడే ఉత్తరం రాశాడు. అందులో అడ్డుపడింది సిద్ధాంతం కాదు, తేదీ. కొత్త మేత్రాణుల అభిషేకం ఎప్పుడన్నది ఒప్పందంలో లేదు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. తేదీ లేకపోతే నేను పోయేదాకా సాగదీస్తారు అనుకున్నాడు. ఆ తర్వాత రోమ్ ఆగస్టు 15 లోపు అని చెప్పింది. అప్పటికి ఆయన ఆ మాటను నమ్మే స్థితిలో లేడు. ఒకరు చాలరు, ఇంకా కావాలి అన్నాడు. జూన్ 30న స్విట్జర్లాండ్‌లోని ఏకోన్‌లో, పోపు అనుమతి లేకుండా, నలుగురిని అభిషేకించాడు. విలియమ్సన్ వాళ్లలో ఒకడు. వెంటనే అందరికీ వెలి.

ఇక్కడ లెఫేవ్ర్‌ను సమర్థించాలని నాకు లేదు. పోపు వద్దన్నాక మేత్రాణులను చేయడం క్యాథలిక్కు చేసే పని కాదని నేను అనుకుంటాను, అలా అనుకునే ఇంట్లోనే పెరిగాను. కానీ ఆ 30వ తేదీ కన్నా ఆ మే 5 రాత్రి గురించి నేను ఎక్కువ ఆలోచిస్తాను. సంతకం పెట్టిన మనిషి తెల్లవారేసరికి ఎందుకు భయపడ్డాడు? ఆయన సంఘంలోనే కొందరికి ఆ భయం లేదు. వాళ్లలో పన్నెండుమంది గురువులు ఆ జూలై 18న స్విట్జర్లాండ్‌లోని ఓటెరీవ్ మఠంలో చేరి పునీత పేతురు సంఘం పెట్టుకున్నారు. రెండో జాన్ పాల్ అంతకు ముందే, జూలై 2న, లెఫేవ్ర్ వెంట వెళ్లనివాళ్లకు పాత పూజ ధారాళంగా ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చాడు. వాళ్లు ఆ మాట నమ్మారు, మిగిలినవాళ్లు నమ్మలేదు. ఇద్దరి మధ్య గీత అదే. ఆ రోజు వరకు వాళ్లందరూ ఒకే బల్ల మీద అన్నం తిన్నవాళ్లు.

2012లో అదే కథ పదవ పయస్ సంఘం లోపలే మళ్లీ జరిగింది. ఆ నలుగురిలో ఒకడైన సంఘాధిపతి ఫెల్లే, రోమ్‌తో రాజీ కుదిరేలా ఉంది అన్నాడు. మిగతా ముగ్గురు మేత్రాణులు ఏప్రిల్‌లో ఆయనకు వద్దని ఉత్తరం రాశారు. వాళ్లలో ఇద్దరు ఆ తర్వాత కూడా సంఘంలోనే ఉన్నారు, విలియమ్సన్ బయటికి వెళ్లాడు. 2015లో బ్రెజిల్‌లో ఆయన కూడా పోపు అనుమతి లేకుండా ఒకరిని మేత్రాణులుగా అభిషేకించాడు. లెఫేవ్ర్ రోమ్‌ను ఏమన్నాడో, ఇప్పుడు విలియమ్సన్ మనుషులు లెఫేవ్ర్ సంఘాన్ని అదే అంటారు. మాట్లాడటానికి కూర్చున్నందుకే ద్రోహి అన్నారు.

అనుమతి అనే జబ్బు

ఇక రెండో వైపు, రోమ్ వైపు. 1969లో కొత్త పూజ పుస్తకం వచ్చాక పాతది ఏమైంది? నిషేధమా, కాదా? ఇంగ్లండ్‌లో రచయితలు, కళాకారులు కలిసి ఒక విన్నపం పంపితే 1971లో ఆరో పాల్ పోపు ఇంగ్లండ్, వేల్స్‌లకు మాత్రం అనుమతి ఇచ్చాడు. సంతకాల్లో అగాథా క్రిస్టీ పేరు చూసి ఆయన ఆగాడని అంటారు, దాన్ని అగాథా క్రిస్టీ అనుమతి అనే పిలుస్తారు. 1984లో లోకమంతటికీ ఒక అనుమతి, షరతులతో. 1988లో ఇంకొంచెం. 2007 జూలై 7న పదహారో బెనెడిక్ట్ అన్నిటికన్నా పెద్ద తలుపు తెరిచాడు. ఆ పుస్తకం ఏనాడూ రద్దు కాలేదు, ప్రతి గురువూ చదువుకోవచ్చు, మేత్రాణులను అడగక్కర్లేదు అన్నాడు. ముందు తరాలకు పవిత్రమైంది మనకూ పవిత్రమే, దాన్ని హఠాత్తుగా హానికరం అనలేం అని కూడా రాశాడు.

మా తమ్ముడు అమెరికా వెళ్లింది ఆ రోజుల్లో. వాడుండే నగరంలో మామూలు విచారణ (పారిష్) గుడిలోనే ఆదివారం ఒక లాటిన్ పూజ. ముందు కుతూహలంతో వెళ్లాడు, తర్వాత పెళ్లి అక్కడే, పిల్లల జ్ఞానస్నానాలు అక్కడే. 2021 జూలై 16న పోప్ ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ ఉత్తర్వును తిరగేశాడు. ఇకపై మేత్రాణుల అనుమతి కావాలి, విచారణ గుళ్లలో పెట్టకూడదు, కొత్తగా పట్టం పొందే గురువైతే రోమ్‌ను కూడా అడగాలి. బెనెడిక్ట్ అప్పటికింకా బతికే ఉన్నాడు, వాటికన్ గోడల లోపలే. తమ్ముడి గుడిలో ఆ పూజ ఆగిపోయింది. కొన్నాళ్లు వాడు ఇంట్లో జపమాల చెప్పుకుని ఊరుకున్నాడు. తర్వాత పదవ పయస్ సంఘం గుడికి కారేసుకుని వెళ్లడం మొదలుపెట్టాడు, అంతవరకు వాడే వాళ్లను "బయటివాళ్లు" అనేవాడు. విశ్వాసం మారిందా అంటే లేదు. 2020లో ఏం నమ్మేవాడో ఇప్పుడూ అదే నమ్ముతున్నాడు. వాడు వెళ్లిన చోటు మారింది, అంతే. ఇలాంటి మనిషిని చీలిక మనిషి అంటే నాకు మింగుడుపడదు.

ఫ్రాన్సిస్ కారణం కూడా వినాలి. ఈ పూజ పేరుతో, 1960లలో సభలో మార్పులు తెచ్చిన రెండో వాటికన్ మహాసభనే కాదనేవాళ్లు పెరుగుతున్నారని ఆయన అన్నాడు. అబద్ధం కాదు. నేను వాళ్ల వీడియోలు చూశాను, కొన్నిటిలో మహాసభను తిట్టిన తర్వాత ఊపిరి పీల్చుకోకుండా యూదులను తిడతారు. విలియమ్సన్ సంగతే చూడండి. 2009 జనవరిలో బెనెడిక్ట్ ఆ నలుగురి మీది వెలిని ఎత్తేశాడు, ఉత్తర్వు మీద తేదీ 21. అదే రోజు స్వీడన్ టీవీలో విలియమ్సన్ ఇంటర్వ్యూ వచ్చింది, నాజీల గ్యాస్ గదులు లేవంటూ. లోకం భగ్గుమంది. బెనెడిక్ట్ మార్చిలో మేత్రాణులకు రాసిన ఉత్తరంలో, ఇంటర్నెట్ చూసుకుని ఉంటే మాకు ముందే తెలిసేది అని ఒప్పుకున్నాడు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మా తమ్ముడు ఆ మనిషికి ఆత్మశాంతి కోరినందుకు నాకు బాధ లేదు, "ముందే చెప్పాడు" అంటూ ప్రవక్తను చేసినందుకు ఉంది. రోమ్ గురించి ఒక మాట నిజమైతే మిగతావన్నీ కడిగేసుకుపోతాయా? అడిగాను. జవాబు రాలేదు.

నా వాదనకు గట్టి దెబ్బ కాంపోస్. బ్రెజిల్‌లో లెఫేవ్ర్‌తో నిలబడిన మేత్రాణులు కాస్త్రో మేయర్ గురువుల సంఘం అది. 2002 జనవరిలో వాళ్లు రోమ్‌తో కలిశారు. పదవ పయస్ సంఘం మేత్రాణులు అభిషేకించిన రాంజెల్‌నే రోమ్ మేత్రాణులుగా ఒప్పుకుంది, వాళ్లకోసం ప్రత్యేక పాలన ఏర్పాటు చేసింది, అది ఇప్పటికీ ఉంది. పేతురు సంఘం సంగతీ అంతే. 2021 ఉత్తర్వు తర్వాత వాళ్లూ వణికారు, కానీ 2022 ఫిబ్రవరి 11న ఫ్రాన్సిసే వాళ్లకు పాత పుస్తకాలు వాడుకునే హక్కును రాసిచ్చాడు. అంటే నమ్మినవాళ్లకు మాట దక్కింది కదా?

దక్కింది, సంఘాలకు. గోడలూ సెమినరీలూ లాయర్లూ ఉన్నవాళ్లకు. మా తమ్ముడిలాంటి, ఏ సంఘంలోనూ చేరకుండా తన మేత్రాణుల కింద తన విచారణ గుడిలోనే ఉన్నవాడికి దక్కలేదు. అందరికన్నా విధేయంగా ఉన్నవాడే అందరికన్నా ముందు రోడ్డున పడ్డాడు. 2021 తర్వాత పాత పూజవాళ్లు నేర్చుకున్న పాఠం ఇది కాకపోతే ఇంకేమిటి?

ఇంకో ఇబ్బంది 1983 నాటిది. అమెరికాలో లెఫేవ్ర్ తన సంఘంలోంచి తొమ్మిదిమంది గురువులను పంపేశాడు, వాళ్లు 1962 పుస్తకం కూడా వద్దన్నారు. అందులో రోమ్ మాట తప్పింది ఏమీ లేదు, అది పూర్తిగా ఇంటి గొడవ. ఆ తొమ్మిదిమందీ మళ్లీ తమలో తాము చీలారు. కాబట్టి అన్నిటికీ రోమ్‌నే అనలేను. ఒకసారి "ఈ ఆజ్ఞ వినను" అని నేర్చుకున్న చోట, ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పాలి అన్న తగవు వస్తూనే ఉంటుంది. అయినా ఆ చిన్న చీలికలు ఎక్కడివక్కడ ఎండిపోయాయి. జనాన్ని పెద్ద ఎత్తున అటూ ఇటూ నెట్టినవి రోమ్ నిర్ణయాలే.

బల్లార్షా నుంచి చూస్తే

మా ఊళ్లో ఈ గొడవ ఇంకో రకంగా కనిపిస్తుంది. మా తాత కరీంనగర్ వైపు నుంచి గనుల పనికి వచ్చాడు. అక్కడ ఇటలీ ఫాదర్ గారు లాటిన్‌లో పూజ చేస్తుంటే వెనక మోకాళ్ల మీద జపమాల చెప్పుకున్న మనిషి. ఇక్కడికి వచ్చాక కథ మారింది. చాందా (చంద్రపూర్) ప్రాంతాన్ని రోమ్ 1962లో కేరళ సి.ఎం.ఐ. మఠం గురువులకు అప్పజెప్పింది, 1977లో అది సీరో మలబార్ మేత్రాసనం అయింది. సీరో మలబార్ అంటే రోమ్ కిందే ఉంటూ సొంత పూజ పద్ధతి ఉన్న కేరళ క్యాథలిక్ సభ. అప్పట్లో ఆదిలాబాద్ కూడా దీని కిందే, 1999లో విడదీశారు. అంటే లాటిన్ పద్ధతిలో పుట్టిన తెలుగు కుటుంబాలు ఇక్కడ కేరళ పద్ధతి పూజకు వెళ్తాయి. అది కూడా హిందీలో, అప్పుడప్పుడు మరాఠీలో. ఎవరైనా తెలుగు ఫాదర్ గారు ఆ దారిన వస్తే తెలుగులో.

మహాసభ తర్వాత పూజ మాతృభాషలోకి వచ్చింది, జనానికి అర్థమైంది అని గొప్పగా చెప్పుకుంటాం. గుంటూరులో అది నిజమే. బల్లార్షాలో మా నాయనమ్మకు హిందీ పూజ ఎంత అర్థమైందో లాటినూ అంతే అర్థమయ్యేది. మా పిల్లలు మరాఠీ బడికి వెళ్తారు, తెలుగు చదవడం రాదు. మా గుడిలో ఏ భాషలో పూజ పెట్టినా ఎవరో ఒకరు బయటివాళ్లే. లాటిన్ అందరికీ సమానంగా బయటిదే అని తమ్ముడు అంటే, ఇక్కడ నిలబడి దాన్ని కొట్టిపారేయలేను. మహారాష్ట్రలో ఉన్న తెలుగువాళ్లకు తప్ప ఈ బాధ పూర్తిగా తెలియదేమో.

ఒక క్రిస్మస్‌కు వాడు ఊరొచ్చినప్పుడు మా గుడికి తీసుకెళ్లాను. బలి భాగం మొదలవగానే గురువు మావైపు వీపు తిప్పి పీఠం వైపు తిరిగారు. వాడు ఉలిక్కిపడ్డాడు. బయటికి వచ్చాక "ఇది పాతదా కొత్తదా అక్కా?" అన్నాడు. "మనది కాదు, కేరళవాళ్లది" అన్నాను.

ఆ వీపు వెనక ఎంత గొడవ ఉందో వాడికి తెలియదు. సీరో మలబార్ సభ 2021 ఆగస్టులో అందరూ ఒకే పద్ధతి పాటించాలని తీర్మానించింది, మొదటి సగం జనం వైపు, బలి భాగం పీఠం వైపు. ఆ సభలోని ఎర్నాకుళం మేత్రాసనం ఒప్పుకోలేదు. అక్కడ అంతా జనం వైపే చదివే అలవాటు. 2022 క్రిస్మస్ ముందు అక్కడి పెద్ద గుడి బసిలికాలోనే తోపులాట జరిగింది, గుడి మూసేశారు. ఫ్రాన్సిస్ ప్రతినిధిని పంపాడు, వీడియోలో బతిమాలాడు. 2023 డిసెంబర్‌లో సీరో మలబార్ సభ పెద్ద కార్డినల్ ఆలంచేరి పదవి వదిలాడు. మా విచారణలోనే పీఠం వైపు తిరగాలనే ఒక చంగనాచెర్రీ కుటుంబం, జనం వైపే ఉండాలనే ఒక ఎర్నాకుళం కుటుంబం ఉన్నాయి. రెండూ ఒకే క్వార్టర్స్ వరసలో ఉంటాయి. ఆ గొడవల రోజుల్లో పండుగ భోజనానికి చెరో మూల కూర్చున్నారు. సిస్టర్ గారు వడ్డిస్తూ మధ్యలో తిరగలేక టెన్షన్ పడ్డారు. ఫాదర్ గారిని అడిగితే వాతావరణం గురించి మాట్లాడారు.

ఇందులో నన్ను ఆపేసేది తేదీలు. ఒకే పద్ధతికి రండి, అంటే సగం పూజ పీఠం వైపు తిరగండి అని ఫ్రాన్సిస్ సీరో మలబార్ వాళ్లకు ఉత్తరం రాసింది 2021 జూలై 3న. లాటిన్ పాత పూజను కట్టడి చేసింది అదే నెల 16న. చట్టం దృష్టిలో రెండూ వేరే సంగతులే. కానీ గుడిలో కూర్చున్న మనిషికి కనపడేది గురువు ముఖమో వీపో. ఒకే పోపు, ఒకే నెల, ఒకరికి తిరగమని, మరొకరికి అలా తిరిగే పూజను తగ్గించుకోమని. అందుకే ఎర్నాకుళంలో కొత్త అలవాటు కోరేవాళ్లు తిరుగుబాటుదారులయ్యారు, అమెరికాలో పాత అలవాటు కోరేవాళ్లు తిరుగుబాటుదారులయ్యారు. సంప్రదాయవాది ఎవరు, విధేయుడు ఎవరు అన్నది మనిషి ఏం నమ్ముతాడన్న దాన్ని బట్టి కాక, పై నుంచి ఆ ఏడు ఏం వచ్చిందన్న దాన్ని బట్టి తేలుతోంది.

ఎర్నాకుళంలో చివరికి ఒక దారి దొరికింది. 2025 జూలై 3 నుంచి ప్రతి విచారణలో ఆదివారం కనీసం ఒక పూజ సభ తీర్మానించిన పద్ధతిలో జరగాలి, మిగతావి అలవాటు ప్రకారం. ఇద్దరికీ పూర్తిగా నచ్చలేదు. చంగనాచెర్రీ కుటుంబం పెద్దాయన "ఇది లొంగిపోవడం" అన్నాడు నాతో. కావచ్చు. కానీ రెండు పక్షాల్లో ఏ ఒక్కరినీ పూర్తిగా బయటికి పంపలేదు, ఎవరి పూజా రాత్రికి రాత్రి పోలేదు. 2007లో బెనెడిక్ట్ చేసిందీ దాదాపు ఇదే కదా. తేడా ఏమిటంటే అది పద్నాలుగేళ్లు మాత్రమే నిలిచింది.

కొత్త పోపు లియో వచ్చాక పాత పూజవాళ్లలో ఆశ పుట్టింది. 2025 అక్టోబర్‌లో పాత పూజను సమర్థించే అమెరికన్ కార్డినల్ బర్క్, రోమ్‌లోని పునీత పేతురు బసిలికాలోనే పాత పూజ చేశాడు, పోపు సమ్మతితో. తమ్ముడు ఫొటోలు పంపాడు, సంబరపడుతూనే. మరి తిరిగి మీ విచారణ గుడికి వెళ్తావా అని అడిగాను. ఇచ్చింది ఒక రోజు అనుమతే కదా అన్నాడు. వాడు అడుగుతున్నది అనుమతి కాదు. ఎవరు పోపైనా, ఎవరు మేత్రాణులైనా మారని నియమం ఒకటి, రాసిపెట్టి, తేదీతో. అది వచ్చేదాకా పదవ పయస్ సంఘం గుడికే కారు పోతుంది. ఆ సంఘం రేపు రోమ్‌తో కూర్చుంటే విలియమ్సన్ మనుషుల దగ్గరికి పోయినా నేను ఆశ్చర్యపోను. ఆపడానికి ప్రయత్నిస్తాను.